చిప్పలో ఏ ముక్క? పచ్చి షెల్‌ఫిష్ తినేవాళ్ళు వేసుకోవాల్సిన లెక్క

బహమాస్ రాజధాని నసావులో, పారడైజ్ ఐలాండ్‌కు వెళ్ళే వంతెన కింద పాటర్స్ కే అనే రేవు ఉంది. అక్కడి బడ్డీల్లో క్వీన్ కాంక్ అనే పెద్ద సముద్రపు నత్తను జనం కళ్ళ ముందే గుల్లలోంచి లాగి, సన్నగా తరిగి, ఉల్లిపాయ, టమాటా, ఘాటు మిరప, నిమ్మరసం కలిపి పచ్చిగానే చేతిలో పెడతారు. కోసేటప్పుడు ఒక్కోసారి లోపలినుంచి జానెడు కన్నా పొట్టిగా, అటూ ఇటూ కనిపించేంత తేటగా ఒక పుల్ల బయటికొస్తుంది. ఉడికిన సేమ్యా పోగు లావెక్కితే ఎలా ఉంటుందో అలా. దాన్ని అక్కడివాళ్ళు ‘పిస్టల్’ అంటారు. కోసేవాడు దాన్ని తలెత్తి నోట్లోకి జార్చుకుంటాడు, లేదంటే సరదాపడిన టూరిస్టుకు అందిస్తాడు. మగతనం పెరుగుతుందని నమ్మకం. అది నత్త మర్మాంగమని చాలామంది టూరిస్టులు అనుకుని, నవ్వుకుంటూ మింగి, ఫోటో దిగి వెళ్ళిపోతారు.

అది మర్మాంగం కాదు, జీర్ణవ్యవస్థలో ఒక పనిముట్టు. జీర్ణరసాలు కలిసిన ప్రొటీను జెల్లీ గట్టిపడి అలా పుల్లలా తయారవుతుంది. కడుపు పక్కనున్న ఒక సంచిలో ఉండి, సంచి గోడలకున్న సన్నటి నూగు తిప్పుతుంటే గిర్రున తిరుగుతుంది. దాని కొస కడుపులోని గట్టి పలక మీద రాసుకుంటూ ఉంటుంది. సానరాయి మీద గంధపు చెక్క అరిగినట్టు కొంచెం కొంచెం అరుగుతూ జీర్ణరసాన్ని వదులుతుంది. అరిగినంత మేరా వెనకనుంచి మళ్ళీ పెరుగుతుంది. నాచునూ పిండిపదార్థాన్నీ నెమ్మదిగా అరిగించుకునే జీవులకు ఇది సరిపోయిన ఏర్పాటు. రెండు చిప్పల జీవుల్లో చాలావాటికీ ఇదే పుల్ల ఉంటుంది. అమెరికా తూర్పు తీరంలో క్లామ్‌లు శుభ్రం చేసేవాళ్ళు దీన్ని చూసి పురుగు పట్టిందనుకుని చిప్పలకు చిప్పలే పారేస్తుంటారు. ఒకచోట మగతనపు మందు, ఇంకోచోట పురుగు. (మన గుళ్ళలో ఊదే శంఖంలో దీనికోసం వెతికి లాభం లేదు. ఆ నత్త మాంసాహారి, సముద్రపు పురుగుల్ని తింటుంది.)

పచ్చిగా తినడం గురించి వచ్చే రాతల్లోనూ వీడియోల్లోనూ ఎక్కువగా కనిపించేది ధైర్యమా, అసహ్యమా అన్న గొడవ. తింటున్న ముక్క ఆ జీవి శరీరంలో ఏ పని చేసేదన్న సంగతి చాలా తక్కువమంది అడుగుతారు. షెల్‌ఫిష్ విషయంలో ఈ ప్రశ్నకు చాలా బరువుంది. చేపను పేగులతో సహా పచ్చిగా తినేవాళ్ళు అరుదు. షెల్‌ఫిష్‌ను మాత్రం పేగు, కాలేయం, గుడ్డు అన్నీ ఒకే ముద్దగా గొంతులోకి దించేస్తారు, అందులో పేగు ఉందన్న స్పృహ కూడా లేకుండా.

తెలుగులో షెల్‌ఫిష్‌కు ఒకే మాట లేదు. రొయ్యలు వేరు, పీతలు వేరు, గుల్లలు, చిప్పలు, నత్తలు వేరు. నిజానికి మన మాటే శరీర నిర్మాణానికి దగ్గర. రొయ్య, పీత కాళ్ళున్న జీవులు, తిరిగి వెతుక్కుని తింటాయి. ఆల్చిప్ప, మసెల్, క్లామ్ కూర్చున్నచోటే కూర్చుని నీటిని వడగట్టి తింటాయి. చాలా నత్తలూ, నత్త జాతికే చెందిన అబలోన్‌లూ రాయిమీది నాచును గీక్కుని తింటాయి. తిండి తీరు మారితే లోపల పోగయ్యే సరుకూ మారుతుంది. ఇంగ్లిష్ మాట వీటన్నిటినీ ఒకే గంపలో వేసేసింది.

ప్రమాదం రెండు రకాలు, రెంటినీ కలిపేస్తే లెక్క తప్పుతుంది. మొదటిది ప్రాణమున్నది: విబ్రియో లాంటి బాక్టీరియా, నోరోవైరస్, హెపటైటిస్-ఎ వైరస్, పురుగుల పిల్లలు. ఇవి సరిగా ఉడికిస్తే చస్తాయి. రెండోది ప్రాణం లేనిది: సముద్రంలోని కొన్ని సూక్ష్మ నాచులు తయారుచేసే విషాలు, కాడ్మియం, ఆర్సెనిక్ లాంటి లోహాలు. వీటికి పొయ్యి అంటే లెక్కలేదు. 1793లో కెప్టెన్ వాంకూవర్ నౌకాదళం ఇప్పటి కెనడా పశ్చిమ తీరాన్ని సర్వే చేస్తుండగా కొందరు నావికులు ఉదయం ఫలహారానికి మసెల్స్ కాల్చుకుని తిన్నారు. జాన్ కార్టర్ అనే నావికుడు కొన్ని గంటల్లోనే చనిపోయాడు. ఆ చోటికి పాయిజన్ కోవ్ అన్న పేరు మిగిలిపోయింది. ఆ మసెల్స్ పచ్చివి కావు. 1997లో కేరళలోని విళింజంలో మసెల్స్ తిని ఏడుగురు చనిపోయినప్పుడూ కారణం ఈ జాతి విషమే. పక్షవాతం తెచ్చే ఈ విషాల్లో ముఖ్యమైనదాని పేరు సాక్సిటాక్సిన్. పెదవులు తిమ్మిరెక్కడంతో మొదలై ఊపిరి కండరాల దాకా వెళ్తుంది. విరుగుడు మందు లేదు, ఊపిరి ఆగకుండా మిషన్ పెట్టి ఒంట్లోంచి విషం పోయేదాకా కాపాడటమే వైద్యం.

ఈ రెండు రకాలూ ఎక్కువగా చేరేది ఒక్కచోటే: జీర్ణగ్రంథి, దాన్ని చుట్టుకున్న పేగు. వడగట్టిన నీళ్ళలోని సరుకంతా వచ్చిపడే గోదాము అది. అనుకూలమైన వేడి, ఆహారం ఉంటే పెద్ద ఆల్చిప్ప రోజుకు వంద లీటర్లకు పైగా నీళ్ళు వడగట్టగలదు. మురుగు కలిసిన నీళ్ళయితే ఆ మురుగులోని వైరస్ కూడా అక్కడే ఆగుతుంది.

ఇబ్బంది ఏంటంటే రుచి కూడా అక్కడే ఉంది. కొవ్వు, గ్లైకోజెన్, జీర్ణం సగమైన నాచు, విడిపోయిన అమైనో ఆమ్లాలు అన్నీ ఆ గ్రంథిలోనే. పీత డిప్పలో పసుపుపచ్చగా ఉండే గుజ్జు, రొయ్య తలలో ఆరెంజ్ రంగు రసం, లాబ్‌స్టర్‌లో ఆకుపచ్చ ముద్ద, అబలోన్‌లో ముదురు కాలేయం పేరుకు వేరువేరుగానీ చేసే పని దాదాపు ఒకటే. కాకినాడలోనో భీమవరంలోనో రొయ్య తలకాయలు వేయించుకుని జుర్రుకునేవాళ్ళకు ఈ రుచి గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కండ తియ్యగా ఉంటుంది, గ్రంథి లోతుగా ఉంటుంది. అందుకే ‘వింత భాగాలు’ వెతికేవాళ్ళు చివరికి దాని దగ్గరికే చేరతారు.

స్కాలప్‌ను విప్పి చూస్తే ఈ సంగతి కళ్ళకు కడుతుంది. జపాన్‌లో హోతాతే అనే ఈ చిప్ప హొక్కైడో, అఓమొరి తీరాల్లో పెద్ద వ్యాపారం. మధ్యలో తెల్లటి గుండ్రటి కండ ఉంటుంది, చిప్పల్ని మూసి తెరిచేది అదే. అమెరికాలో స్కాలప్ అంటే ఇదొక్కటే, మిగతాది పడవ మీదే సముద్రంలోకి పోతుంది. కండ చుట్టూ అంచున కుచ్చులా ఒక పొర ఉంటుంది, జపాన్‌వాళ్ళు దాన్ని హిమో, అంటే తాడు, అంటారు. ఆ కుచ్చులో వరసగా చిన్న చిన్న కళ్ళుంటాయి, కొన్నిటిలో రెండువందల దాకా. ఒక్కో కంట్లో కటకంతో పాటు గ్వానిన్ స్ఫటికాలతో చేసిన అద్దం కూడా ఉంటుంది. ఈ కుచ్చును ఉప్పుతో గట్టిగా రుద్ది, జిగురు వదిలించి, పచ్చిగా తింటారు. కరకరమంటూ సాగుతుంది, కండ కంటే సముద్రపు వాసన ఎక్కువ. కళ్ళున్నాయని తెలిసి వెనకాడేవాళ్ళుంటారు. కానీ ఈ వింత ముక్కలో భయపడాల్సింది చాలా తక్కువ. పేగుతో సంబంధం లేని అంచు పొర అది.

తర్వాత బీజకోశం, అంటే గుడ్లో వీర్యమో తయారయ్యే భాగం. ఆడదైతే ఎర్రటి నారింజ రంగు, మగదైతే పాలమీగడ రంగు. యూరప్‌లో పెరిగే స్కాలప్‌లో ఆ రెండూ ఒకే జీవిలో పక్కపక్కనే ఉంటాయి. ఫ్రాన్స్‌లో కండతో పాటు దీన్ని వెన్నలో వేయించి తినేవాళ్ళున్నారు. చూడటానికి ఇంత ముచ్చటగా, శుభ్రంగా కనిపించే ముక్క ఇంకోటి ఉండదు. కానీ స్కాలప్ పేగు ఈ బీజకోశంలోంచే చుట్టు తిరిగి వెళ్తుంది. బయటికి గుడ్డు, లోపల పేగు. జపాన్‌లో కండనూ హిమోనూ పచ్చిగా తినేవాళ్ళే గుడ్డును మామూలుగా ఉడికించి తింటారు.

ఇక మిగిలింది ‘ఉరో’ అనే నల్లటి ముద్ద, అంటే జీర్ణగ్రంథి. పచ్చిగానే కాదు, ఉడికించినా తినరు. నాచు విషాలు, కాడ్మియం రెండూ అందులోనే పేరుకుంటాయి. ఉత్తర జపాన్ స్కాలప్ కర్మాగారాలకు కుప్పలుగా మిగిలే ఈ ఉరోను కాడ్మియం వల్ల పశువుల దాణాకో ఎరువుకో నేరుగా వాడలేక, దాన్ని ఏం చెయ్యాలన్నదే ఒక సమస్య అయింది. ఒక్క అరచేతిలో పట్టే జీవిలో నాలుగు భాగాలు, నాలుగు తీర్పులు.

ఈ తేడాను యూరోపియన్ యూనియన్ ఏకంగా చట్టంలో రాసుకుంది. డొమోయిక్ ఆమ్లం అనే నాచు విషం జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ మసెల్స్ తిని వందమందికి పైగా జబ్బుపడి, కొందరు చనిపోయి, బతికినవాళ్ళలో కొందరికి కొత్త సంగతులు గుర్తుండకుండా పోయినప్పుడు ఇది బయటపడింది. మామూలుగా కిలో మాంసంలో 20 మిల్లీగ్రాములు దాటితే అమ్మకూడదు. స్కాలప్‌కు మాత్రం 2002లో ఒక వెసులుబాటు ఇచ్చారు. మొత్తం జీవిలో 20 దాటి 250 లోపు ఉన్నా, కండలో, బీజకోశంలో 4.6 మిల్లీగ్రాముల లోపే ఉంటే, గ్రంథి తీసేసే షరతు మీద పట్టుకోవచ్చు. అంటే ఒకే జీవి, ఒక ముక్క సరుకు, ఇంకో ముక్క విషం అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. దాన్ని ‘మొత్తంగా, సహజంగా, పచ్చిగా’ తినాలనే కొత్త ఫ్యాషన్ ఈ అంకెల ముందు నిలబడదు.

ఇంతవరకూ చదివితే పేగు తీసేస్తే చాలనిపిస్తుంది. చాలావరకు నిజమే, కానీ సూత్రంగా పట్టుకోవడానికి కుదరదు. అమెరికా వాయవ్య తీరంలో, అలాస్కాలో బటర్ క్లామ్ అనే చిప్ప ఉంది. దాని శాస్త్రీయ నామం సాక్సిడోమస్, విషానికి సాక్సిటాక్సిన్ అన్న పేరు వచ్చింది దాన్నుంచే. మిగతా చిప్పలు విషపు నాచు పోయిన కొద్దివారాలకు శుభ్రపడితే, ఇది రెండేళ్ళ దాకా విషాన్ని పట్టి ఉంచగలదు. దాచుకునేది పేగులో కాదు, ఎక్కువగా నీళ్ళు పీల్చే గొట్టంలో. తనను కొరికే శత్రువులకు ముందుగా అందేది ఆ గొట్టమే కాబట్టి ఆత్మరక్షణకే అక్కడ పెట్టుకుందని ఒక వివరణ. అక్కడి మూలవాసులు ఆ గొట్టం నల్లటి కొసను కోసి పారేసే అలవాటు పాటించేవారు. అలవాటు వెనక అనుభవం ఉంది. అయినా కొస కోస్తే మిగతాది క్షేమమని ఆరోగ్యశాఖలు ఒప్పుకోవు, విషం మిగతా శరీరంలో కూడా ఉండొచ్చు.

అదే నీళ్ళలో దానికి పూర్తిగా ఎదురు లెక్క జియోడక్ అనే పెద్ద క్లామ్‌ది. సియాటెల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు దీన్ని చేపల మార్కెట్లో తప్పకుండా చూసి ఉంటారు, చూసి తల తిప్పుకుని కూడా ఉంటారు. చిప్పలోకి పట్టనంత పొడుగ్గా ఏనుగు తొండంలాంటి గొట్టం వేలాడుతుంటుంది. ఇసుకలో మూడడుగుల లోతున కూరుకుని, గొట్టాన్ని పైకి చాచి బతుకుతుంది. వందేళ్ళు దాటి బతికినవి చాలా ఉన్నాయి, 168 ఏళ్ళదొకటి నమోదైంది. జియోడక్‌లో పచ్చిగా తినేది ఆ గొట్టాన్నే. మరిగే నీళ్ళలో కొన్ని సెకన్లు ముంచితే గోధుమరంగు తోలు మేజోడులా ఊడొస్తుంది. లోపలి దంతపు రంగు కండను కాగితమంత పల్చగా కోస్తే కీరదోస ముక్కలా కరకరమంటుంది. చిప్పలో ఉండే మెత్తటి తెల్ల భాగాన్ని వేపుడుకు వాడతారు. పేగు ముద్దను పారేస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో విషం పరీక్షకు తీసుకునేది ఆ పారేసే ముద్దనే, ఎందుకంటే ఉంటే గింటే అక్కడే ఉంటుంది.

2013 డిసెంబరులో చైనా అమెరికా పశ్చిమ తీరపు రెండు చిప్పల జీవుల దిగుమతిని ఆపేసింది. జియోడక్ సరుకులో ఆర్సెనిక్, పక్షవాత విషం కనిపించాయని చెప్పింది. అమెరికా అధికారుల వాదన: ఆర్సెనిక్ ఉన్నది తోలులో, తోలు ఎవరూ తినరు కదా అని. ఎవరూ తినరన్నది ఎవరి వంటింటిని చూసి చెప్పిన మాట అనేదే అక్కడ తగువు. పులుసుకు పేగు ముద్దను వాడే వంటలు కూడా ఉన్నాయి. కొన్ని నెలల తర్వాత నిషేధం సడలింది. ‘తినే భాగం’ అన్న మాటకు దేశానికో అర్థం ఉందని మాత్రం ఆ గొడవతో తేలిపోయింది.

ఒకే వంశపు చిప్ప, రెండు నగరాల కథ ఇంకా స్పష్టంగా చెబుతుంది. రక్తపు గుల్లలని ఒక జాతి ఉంది. చాలా చిప్పలకు భిన్నంగా వీటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, కోస్తే ఎర్రగా కారుతుంది. టోక్యో సుషీ కొట్లలో అకగాయ్ అనేది ఈ వంశందే. వంటవాడు చిప్ప తెరిచి, ఎర్రటి పాదపు కండను రెండుగా చీల్చి, మధ్యలోని పేగును కత్తితో గీకేస్తాడు. హిమోను విడిగా తీస్తాడు. ఉప్పుతోనో వినెగర్ నీళ్ళతోనో కడుగుతాడు. వడ్డించే ముందు ముక్కను చెక్కపలక మీద ఛటుక్కున కొడతాడు, అది ఇంకా బతికున్నట్టు ముడుచుకుంటుంది. తిన్నవాళ్ళు కండను మెచ్చుకుంటారు, తెలిసినవాళ్ళు హిమోను విడిగా అడుగుతారు.

షాంఘైలో అదే వంశపు గుల్లను తినే పద్ధతి వేరు. మరిగిన నీళ్ళు పోసి, చిప్ప కొంచెం నోరు తెరవగానే, లోపలిది ఎర్రగా ఉండగానే తినేవారు. వేడి లోపలిదాకా చేరదు, పేగు తీయరు. 1987 చివర్లో వచ్చిన సరుకు మురుగు కలిసిన నీళ్ళలోది. 1988 మొదటి నెలల్లో నగరంలో దాదాపు 3 లక్షలమందికి హెపటైటిస్-ఎ, అంటే కామెర్లు, వచ్చింది. ఆస్పత్రులు చాలక బడులు, ఫ్యాక్టరీ గదులు వార్డులయ్యాయి. ఈ రెండు నగరాల తేడా అంతా పేగు గీకడంలోనే ఉందనడం అతి అవుతుంది. నీళ్ళ శుభ్రత పెద్ద తేడా. అయినా ఆ వైరస్ చేరి కూర్చున్నది టోక్యో వంటవాడి కత్తి మొదట వెళ్ళే చోటే. ఈ రక్తపు గుల్లల దగ్గరి చుట్టం కాకినాడ అఖాతంలో కూడా దొరుకుతుంది. మన తీరంలో గుల్లలంటే ఎక్కువగా గుర్తొచ్చేది గుల్ల సున్నం. లోపలి మాంసం తినేవాళ్ళు ఉడికించే తింటారు, ఉడికించడమే సరైన పని కూడా.

ఇదంతా విన్నాక ఆల్చిప్పను చూస్తే నవ్వొస్తుంది. ప్రపంచంలో అత్యంత మర్యాదస్తుల పచ్చి తిండి అదే. ఐసు మీద వరసగా పేర్చి, నిమ్మచెక్క పెట్టి, షాంపేన్‌తో ఇస్తారు. అందులో కుచ్చు, మొప్పలు, కండ, గుండె, కడుపు, పేగు, జీర్ణగ్రంథి, బీజకోశం మొత్తం ఒకే గుటక. మిగతా జీవుల్లో పేగు ముట్టుకోనివాళ్ళు కూడా ఆల్చిప్పలో దాన్ని పేరు పెట్టకుండా మింగేస్తారు. వేసవిలో పాలమీగడలా ఉందని కొందరు మెచ్చుకునేదీ, కొందరు మొహం చిట్లించేదీ బీజకోశం నిండి ఉండటం వల్లే. ఆ మీగడ వద్దనుకునే కొనుగోలుదార్ల కోసమే 1980ల నుంచి ప్రతి క్రోమోజోమూ రెండుకు బదులు మూడేసి ఉండే లెక్కతో గుడ్డు పెట్టని ఆల్చిప్పల్ని పెంచుతున్నారు.

ఆల్చిప్పకు రక్షణ ముక్కను ఎంచుకోవడంలో లేదు, నీళ్ళను ఎంచుకోవడంలో ఉంది. శుభ్రమైన నీళ్ళలో రెండురోజులు ఉంచితే మురుగు బాక్టీరియా చాలావరకు పోతుంది. నోరోవైరస్ అలా పోదు. మన పేగులో అది అతుక్కునే చక్కెర అణువుల్లాంటివే ఆల్చిప్ప పేగులో కూడా ఉన్నాయి, అక్కడ గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. ఇంకోవైపు విబ్రియో వల్నిఫికస్ మురుగుతో సంబంధం లేకుండా వెచ్చటి సముద్రంలో సహజంగా పెరిగే బాక్టీరియా. ఆరోగ్యవంతులకు తరచూ విరేచనాలతో పోతుంది. కాలేయ జబ్బున్నవాళ్ళలో, ఒంట్లో ఇనుము ఎక్కువగా పేరుకునే జబ్బున్నవాళ్ళలో రక్తంలోకి చేరితే దాదాపు సగంమంది బతకరు. మెక్సికో సింధుశాఖలో వేసవిలో పట్టిన పచ్చి ఆల్చిప్పల్ని, ఈ బాక్టీరియాను తగ్గించే శుద్ధి చేయకుండా అమ్మకూడదని కాలిఫోర్నియా 2003లో నియమం పెట్టింది. అక్కడ ఈ చావులు దాదాపు ఆగిపోయాయి.

బంగాళాఖాతపు నీళ్ళు ఏడాది పొడుగునా వెచ్చనే. విబ్రియో జాతిలో ఇంకోటి, పారాహీమోలిటికస్, 1950లో ఒసాకాలో ఒక పెద్ద విషాహార ఘటనలో మొదట బయటపడింది. దానిలోనే దేశదేశాలకు పాకిన ఒక కొత్త రకాన్ని మొదట గుర్తించింది 1996లో కోల్‌కతాలో. తగిన వెచ్చదనం ఉంటే పది నిమిషాలకోసారి రెట్టింపయ్యే బాక్టీరియా ఇది. మే నెలలో విశాఖలో పొద్దున పట్టిన చిప్ప మధ్యాహ్నానికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నిమ్మరసం పిండితే ఉడికినట్టేనన్న మాట ఒకటి తిరుగుతుంటుంది. ఆమ్లం మాంసాన్ని తెల్లబరుస్తుంది, గట్టిపరుస్తుంది, చూడటానికి ఉడికినట్టుంటుంది. పురుగులు, వైరస్‌లు దానికి లొంగుతాయన్న భరోసా లేదు. ఫ్రీజింగ్ పురుగుల్ని చంపుతుంది. మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులన్నది అమెరికా ప్రమాణం. వైరస్‌లకు మాత్రం అది చలికాలపు సెలవు లాంటిది.

అబలోన్ కాలేయం సంగతి వీటన్నిటికంటే విచిత్రం. జపాన్‌లో అబలోన్ కండను పచ్చిగా కోసి, దాని ముదురు కాలేయాన్ని నూరి, సోయా సాస్‌లో కలిపి నంజుకుంటారు. చేదు, కమ్మదనం, సముద్రం కలిసిన రుచి. కానీ ఈశాన్య జపాన్ తీరంలో ఒక పాత మాట ఉంది: వసంతం మొదట్లో అబలోన్ పేగులు పెడితే పిల్లి చెవులు రాలిపోతాయి. మూఢనమ్మకంలా వినిపిస్తుంది కానీ నిజం. అబలోన్ నాచు తింటుంది. నాచులోని పత్రహరితం దాని జీర్ణగ్రంథిలో విరిగి ఫియోఫోర్బైడ్ జాతి పదార్థాలుగా మారుతుంది. ఆ కాలంలో అవి బాగా పోగవుతాయి. తిన్న జీవి రక్తంలోకి చేరాక, చర్మం మీద ఎండ పడితే అక్కడ రసాయన చర్య మొదలై కణాలు దెబ్బతింటాయి. పిల్లికి వెంట్రుకలు పల్చగా ఉండి, ఎండ సూటిగా తగిలేది చెవులకే. అవి వాచి, పుండై, ఊడిపోతాయి. మనుషులకైతే మొహం, చేతులు ఎర్రబడి వాస్తాయి. చీకట్లో కూర్చుంటే ఏమీ కాదు. ఉడికించినా ప్రయోజనం లేదు, ఇది ప్రాణం లేని రకం. ఏ భాగం, ఏ నెలలో అన్న రెండు ప్రశ్నల్నీ పిల్లి చెవులతో గుర్తుపెట్టుకున్న ఊళ్ళు అవి.

కాళ్ళున్న జీవుల దగ్గరికి వస్తే రొయ్యను త్వరగా దాటేయొచ్చు. చల్లటి సముద్రాల అమఎబి లాంటి రొయ్యల కండను పచ్చిగా తింటారు, పొట్ట కింద నీలం ఆకుపచ్చల మధ్య రంగులో గుడ్లుంటే వాటినీ తింటారు. తలను మాత్రం చాలా కొట్లలో వేయించి తెచ్చి ఇస్తారు. చచ్చిన వెంటనే తలలోని గ్రంథి రసాలు పక్కనున్న కండను కరిగించడం మొదలుపెడతాయి. తల ఉంచిన రొయ్య త్వరగా మెత్తబడేది అందుకే. మన చెరువుల వనామీ పచ్చిగా తినడానికి పెంచే సరుకు కాదు.

పీత దగ్గర ఆగాలి. కొరియాలో కంజాంగ్ కెజాంగ్ అని పచ్చి పీతల్ని సోయా సాస్ మసాలా నీళ్ళలో ఊరబెడతారు. డిప్పలో మిగిలిన గుడ్డు, పసుపు గుజ్జు మీద వేడి అన్నం వేసి, డిప్పలోనే కలుపుకుని తింటారు. దాన్ని వాళ్ళు అన్నం దొంగ అంటారు, ఎంత అన్నం వండినా చాలదని. పీతల పులుసు తిన్నాక డిప్పను పగలగొట్టి వేలితో గీక్కునే కోస్తావాళ్ళకు ఆ పేరు వెంటనే అర్థమవుతుంది. అక్కడ వాడేది సముద్రపు పీత. మంచినీటి పీతతో చేసే పాత పద్ధతి వేరే ముప్పు తెచ్చింది. దాని కండలో, మొప్పల్లో ఊపిరితిత్తుల పురుగు (పారగోనిమస్) పిల్లలు గూడు కట్టుకుని ఉంటాయి. ఉప్పునీరు వాటిని వెంటనే చంపలేదు. తిన్నాక పేగు గోడను తొలుచుకుని ఊపిరితిత్తుల దాకా వెళ్తాయి. కొరియాలో తట్టు వచ్చిన పిల్లలకు క్రేఫిష్ అనే రొయ్యలాంటి మంచినీటి జీవి పచ్చి రసం పట్టే నాటు వైద్యం ఈ జబ్బును ఇళ్ళకు చేర్చింది. మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్‌లలో కూడా ఏటి పీతల్ని పచ్చిగానో సగం కాల్చో తినేచోట ఈ జబ్బు ఉంది. దగ్గు, కళ్ళెలో రక్తం చూసి క్షయ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడిన కేసులు చాలా ఉన్నాయి. ఇక్కడ పేగు, కండ లెక్క పనిచేయదు. పురుగు కండలోనే ఉంది. పొలాల్లో పట్టే ఎండ్రకాయను దంచి రసం తీసినా, మన దగ్గర దాన్ని పొయ్యి మీద మరగబెట్టే అలవాటు ఎంత విలువైనదో ఈ పోలికతో తెలుస్తుంది.

లాబ్‌స్టర్ ఆకుపచ్చ ముద్దను ఉడికినది కూడా తినొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2008 జూలైలో హెచ్చరించింది. కారణం పక్షవాత విషం. కండ మీద హెచ్చరిక లేదు. మళ్ళీ అదే లెక్క.

హైదరాబాద్ రెస్టారెంట్‌లో దిగుమతి స్కాలప్ ముందు కూర్చున్నవాళ్ళకూ, బోస్టన్‌లో ఆల్చిప్పల ప్లేటు ముందు కూర్చున్నవాళ్ళకూ ఇందులో వాడుకోదగ్గది చాలా ఉంది. కండ, అంచు పొర, పేగు తీసిన పాదం: సరుకు మంచిదైతే పచ్చిగా తినడానికి మొదటి వరస ఇవి. గుడ్డు రెండో వరస. గ్రంథి, పేగు ఎప్పుడూ చివర, అవి ఎంత రుచిగా ఉన్నాసరే. గర్భిణులు, కాలేయ జబ్బున్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు ఈ వరసల జోలికే వెళ్ళకూడదు. ఆల్చిప్పలాగా ముక్కలు విడదీయలేని జీవి అయితే అడగాల్సింది అది ఏ నీళ్ళలోంచి, ఏ రోజు వచ్చిందని.

అమెరికాలో ఆ ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉంటుంది. చిప్పల సంచీ ప్రతిదానికీ పట్టిన చోటు, తేదీ రాసిన చీటీ కట్టి ఉంటుంది. ఆ సంచీ ఖాళీ అయ్యాక కూడా హోటల్ ఆ చీటీని 90 రోజులు దాచాలి. మన చేపల బజార్లలో చిప్పల కుప్పకు అలాంటి చీటీ కనిపించదు. హోటల్‌వాళ్ళు దాన్ని అన్నాళ్ళు ఎందుకు దాచాలంటే, హెపటైటిస్-ఎ వైరస్ ఒంట్లో చేరాక కామెర్లు బయటపడటానికి 50 రోజుల దాకా పట్టొచ్చు. డాక్టరు ‘ఈమధ్య ఏం తిన్నారు’ అని అడిగే రోజుకి ఆ చిప్ప సంగతి తిన్నవాళ్ళకే గుర్తుండదు.